ఝరపట్ ఇసుకలో చెలమ

1973 ఎండాకాలంలో నాకు పదకొండేళ్లు. తెల్లవారుజామున చుక్క ఇంకా కనిపిస్తుండగానే అవ్వ నన్ను లేపేది. ఆమె చంకన ఇత్తడి బిందె, నా చేతిలో కొబ్బరి చిప్ప, వడపోతకు ఒక పాత పంచె ముక్క. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మేముండే లాల్‌పేట్ గని కాలనీ వరుస ఇళ్లు దాటి, ఇద్దరం చప్పుడు చేయకుండా ఝరపట్ నది వైపు నడిచేవాళ్లం. నదిలో ఆ రోజుల్లో చుక్క నీరు కనిపించేది కాదు. కనుచూపు మేర ఇసుకే. అయినా అవ్వ వట్టి బిందెతో తిరిగి వచ్చిన రోజు నాకు గుర్తు లేదు.

ఒడ్డున తుంగ ఎక్కడ పచ్చగా నిలిచి ఉందో అవ్వ ముందు చూసుకునేది. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుకను తోడేది. పైపొర బూడిద రంగులో పొడిగా జారిపోయేది. మోచేతి లోతుకు వెళ్లేసరికి ఇసుక రంగు తిరిగి, వేళ్లకు చల్లగా తగిలేది. ఇంకొంత తోడితే గుంత అడుగున నీరు చెమరించేది. అదే చెలమ. మొదట ఊరిన నీరు మడ్డిగా ఉండేది కాబట్టి, రెండు మూడు సార్లు చిప్పతో తోడి బయట పోసి, మళ్లీ ఊరేదాకా కాచుకుని కూర్చోవాలి. నాకు ఆ కాచుకోవడమే కష్టంగా ఉండేది. నేను చిప్ప ముంచబోతే అవ్వ చెయ్యి పట్టుకునేది: "ఆగు బిడ్డా, ఊట ఊరనియ్యి. నువ్వు తొందరపడితే బురదే అస్తది." బిందె నిండాక ఆ గుంతను పూడ్చడం నాకు ఆటగా ఉండేది గాని, అదీ సాగనిచ్చేది కాదు. ఎండ ఎక్కాక పిట్టలు, కుక్కలు తాగుతాయని అనేది.

మాది పెద్దపల్లి దగ్గర ఒక పల్లె. బాపు కాజీపేట–బల్లార్షా బండి ఎక్కి బొగ్గు పనికి వచ్చి, మళ్లీ వెనక్కి పోలేదు. పటంలో చంద్రపూర్ అని రాసి ఉన్నా మా వాళ్లెవరూ ఆ పేరు పలికేవాళ్లు కారు. మాకు అది చాందా. మా వరుసలో పది ఇళ్లుంటే ఆరింటిలో తెలుగు, మిగిలిన వాటిలో మరాఠీ, గోండీ, హిందీ కలగలిసి వినిపించేవి. బాపు పనిచేసే గని కూడా ఆ 1973లోనే బొగ్గు గనుల జాతీయీకరణతో ప్రభుత్వపరమైంది. ఇక కష్టాలు తీరుతాయని పెద్దలు మిఠాయిలు పంచుకున్నారు. కాలనీకి గనిలోంచి తోడిన నీళ్లే నల్లాలో వచ్చేవి. వాటితో స్నానం చేయవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు, కాని గొంతులోకి దిగితే తుప్పు రుచి తగిలేది. పప్పు కూడా సరిగా ఉడికేది కాదని అవ్వ ఫిర్యాదు. అందుకే తాగడానికి, వంటకు మాత్రం ఝరపట్ నీళ్లే.

మేము నీళ్లకు వెళ్లే వేళకే బట్టల మూటలతో వచ్చే ఒక మరాఠీ చాకలామె ఉండేది. నేను ఆమెను మావశీ అని, అంటే మరాఠీలో పిన్ని అని, పిలిచేవాణ్ని. చాందా పుట్టుక కథను నేను మొదట విన్నది ఆమె నోటే. బల్లాళ్‌షా అనే గోండు రాజు ఒళ్లంతా కణుతులతో బాధపడుతూ ఉండేవాడట. బల్లార్‌పూర్ నుంచి వేటకు బయలుదేరి, దాహంతో ఈ ఎండిన ఝరపట్‌లోకి గుర్రాన్ని దింపి, ఒక గుంతలో ఊరుతున్న నీటిని తాగి, ముఖమూ కాళ్లూ చేతులూ కడుక్కున్నాడట. ఆ రాత్రి ఎన్నేళ్లకో గాఢంగా నిద్రపోయాడని, పొద్దున రాణి చూసేసరికి కణుతులు మాయమయ్యాయని చెబుతారు. తర్వాత ఆ గుంతలో గడ్డి, ఇసుక తొలగిస్తే రాతిలో ఐదు ఆవు గిట్టల గుర్తులు, వాటిలో తరగని నీరు కనిపించాయట. అచలేశ్వరుడి గుడి ఆ చోటే వెలిసిందంటారు. ఆ దగ్గరలోనే నుదుట తెల్లమచ్చ ఉన్న ఒక కుందేలు రాజుగారి వేటకుక్కను తరమడం, అది పరుగెత్తిన దారి వెంట కోట కట్టించమని రాణి చెప్పడం కథలో రెండో భాగం. పాత జిల్లా గెజిటీరులో కూడా ఈ కథ దాదాపు ఇలాగే ఉందని ఉద్యోగంలో చేరాక చూసి ఆశ్చర్యపోయాను. మావశీ చదువుకోలేదు. అవ్వ మాత్రం కణుతుల మాట పట్టించుకోకుండా, "రాజుకైనా ఎండకాలం చెలమే దిక్కాయె" అని ఊరుకుంది.

కోట గోడ సుమారు 11 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఇప్పటికీ ఉంది. జట్‌పురా, బిన్బా, పఠాన్‌పురా, అంచలేశ్వర్ అని నాలుగు పెద్ద దర్వాజాలు. అవి కాక ఖిడ్కీలని పిలిచే ఐదు చిన్న ద్వారాలు. శత్రువు రాకూడదని అంత ఎత్తు గోడ కట్టిన రాజులు కూడా మనుషులు రోజూ బయటికి, నీటి దాకా వెళ్లడానికి ఖిడ్కీలు విడిచిపెట్టారన్నది నాకు ఆ కోటలో అన్నిటికంటే నచ్చిన సంగతి. చెరువు తవ్విన వాడికి ఆ నీరు పారినంత భూమిని ఇచ్చేవారని పేరున్న రాజులు మరి.

చైత్ర పౌర్ణమికి మహాకాళి జాతర వచ్చిందంటే ఝరపట్ మాది కాకుండా పోయేది. నాందేడ్, పర్భణీ వైపు నుంచి, మా ఆదిలాబాద్ వైపు నుంచి బండ్లలో, బస్సుల్లో, కాలినడకన జనం వచ్చి ఒడ్డున పొయ్యిలు పెట్టుకునేవారు. గుడిలోకి వెళ్లే ముందు నదిలో మునగాలి. మునిగేంత నీరు లేకపోతే చెలమ తోడి ఒక చెంబు నెత్తిన పోసుకున్నా చాలు. ఆ వారం రోజులు ఇసుకలో వందల చెలమలు ఉండేవి. తెలుగు తెలియని మరాఠ్వాడా ఆడవాళ్లకు అవ్వ చేతి సైగలతోనే మంచి ఊట ఎక్కడుందో చూపించేది. అట్లా ఒకసారి చూపించినందుకు ఒక ముసలామె నా చేతిలో జొన్నరొట్టె, మిరపకాయ ఠేచా పెట్టింది. ఆ కారానికి చెలమలో తల పెట్టి తాగాను.

ఈ నది ఏ రోజున పాడైందని అడిగితే నా దగ్గర తేదీ లేదు. 1980ల మొదట్లో ఇరై నది మీది ఆనకట్ట నీరు విద్యుత్ కేంద్రానికీ, దానితో పాటు పట్నానికీ వచ్చింది. ఇంటింటికీ నల్లా వచ్చిన సంతోషంలో మేము కూడా బిందెను అటక మీద పెట్టేశాం. నీళ్ల కోసం నదికి పోయే పని తీరిపోయింది గనుక, నదిలోకి ఏం వదులుతున్నామన్న చింతా తీరిపోయింది. వాడిన నీళ్లు ఎటో ఒకటు పోవాలి కదా, మోరీలన్నీ అటే మళ్లాయి. కొత్తగా కట్టిన ఇళ్లకు గుమ్మాలు రోడ్డు వైపు, స్నానాల గదులు నది వైపు. ఇసుకను బండ్లతో, తర్వాత ట్రాక్టర్లతో, ఆ తర్వాత లారీలతో ఎత్తుకుపోయారు. ఆ ఇళ్లు కట్టింది ఆ ఇసుకతోనే. మిగిలిన మురుగులో గుర్రపుడెక్క పుట్టింది. ఇక్కడివాళ్లు దాన్ని జలపర్ణి అంటారు. ఊదా పూలతో చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దూరం నుంచి చూసే కొత్తవాళ్లు పచ్చిక మైదానం అనుకుని మురిసిపోవడం నేను స్వయంగా చూశాను.

నా వంతు కూడా చెప్పాలి. చదువు అయ్యాక నేను ఒక గనిలో సర్వేయరుగా చేరి ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఓపెన్‌కాస్టు, అంటే నేలను పైనుంచి తెరిచి తవ్వే గని, గుంత లోతు పెరిగినకొద్దీ పంపులు రాత్రింబవళ్లు నడవాలి, లేకపోతే బొగ్గు మునిగిపోతుంది. అలా తోడుతూ ఉంటే చుట్టుపక్కల నేలలోని నీరంతా గుంత వైపే వాలుతుంది. బొగ్గు మీది నుంచి తీసిన మట్టిని, గనిలో మేము ఓబీ అనే దాన్ని, గుట్టలుగా ఎక్కడ పోయాలో గీసిన నక్షాలలో కొన్ని నా చేతివే. వాగుకు ఎంత దూరంలో పోయాలన్న నియమం కాగితం మీద ఉండేది. నేల మీద లారీ డ్రైవరుకు ఏది దగ్గరైతే అదే నియమం. వాన పడితే ఆ గుట్టల్లోంచి జారిన సన్నటి బంకమట్టి వాగుల్లోకి దిగి ఇసుక సందుల్లో ఇరుక్కుంటుంది. చెలమ ఎందుకు ఊరుతుందో నాకు ఆ ఉద్యోగంలోనే, అది కూడా ఊరడం మానేశాకే అర్థమైంది. ఇసుక అంటే గింజకూ గింజకూ నడుమ నీరు దాచుకునే గాదె. వానాకాలంలో వాగు ఒడ్డులకు తాగిస్తుంది, ఎండాకాలంలో ఒడ్డులు ఆ బాకీని వాగుకు తీరుస్తాయి. పక్కన గుంత ఆ నీటిని లాగేసుకుని, బంకమట్టి సందులు మూసేసి, లారీలు ఇసుకనే మోసుకుపోతే బాకీ తీర్చేవాళ్లెవరు?

2022 జూలైలో ఇరై పొంగింది. దిగువన వార్ధా నది నిండుగా ఉంటే ఇరై నీరు అందులోకి దిగలేక వెనక్కి తంతుంది. ఇరై నిండితే ఝరపట్‌ది అదే గతి. మహారాష్ట్రలో నదుల వెంట నీలి గీత, ఎర్ర గీత అని రెండు గుర్తిస్తారు. 25 ఏళ్లకొకసారి వచ్చే వరద ఎంత దాకా ఎక్కుతుందో నీలి గీత చెబుతుంది, 100 ఏళ్లకొకసారి వచ్చేది ఎర్ర గీత. నీలి గీత లోపల ఇళ్లు కట్టకూడదు. ఆ గీతల సంగతి తెలిసినవాణ్నయి ఉండీ, వాటి లోపల చవకగా వచ్చిందని మా బంధువులు స్థలం కొంటున్నప్పుడు నేను గట్టిగా అడ్డు చెప్పలేదు. ఆ జూలైలో వాళ్లు నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ నాలుగు రోజులూ ఎవరూ ఆ స్థలం మాట ఎత్తలేదు. అది నన్ను తిట్టినదానికంటే ఎక్కువగా బాధించింది.

మా అబ్బాయి సింగపూర్‌లో ఉంటాడు. మరుసటి ఏడాది అక్కడ ఉన్న రెండు నెలలూ నేను దాదాపు రోజూ బిషాన్ అనే చోట ఉన్న పార్కుకు వెళ్లేవాణ్ని. అందులో కల్లాంగ్ నది ప్రవహిస్తుంది. ఒకప్పుడు అక్కడ నది పేరుతో ఉన్నది 2.7 కిలోమీటర్ల తిన్నని కాంక్రీటు కాలువ. వరద నీరు త్వరగా పోవాలని అట్లా కట్టారు, దగ్గరికి ఎవరూ రాకుండా కంచె వేశారు. 2012 నాటికి ఆ కాంక్రీటును పగలగొట్టి, నదికి మళ్లీ వంపులు ఇచ్చి, 3.2 కిలోమీటర్ల దారిగా మార్చి, సుమారు 62 హెక్టార్ల పార్కులో కలిపేశారు. పగిలిన కాంక్రీటు ముక్కలతో అక్కడే ఒక చిన్న గుట్ట కట్టారు. ఒడ్డులు గోడలు కావు. రాళ్లు, మొక్కల వేళ్లు, నారచాపలు పెనవేసి మట్టిని నిలబెట్టారు. వాన ఎక్కువైతే నది పక్కనున్న పచ్చికలోకి తాపీగా ఎక్కుతుంది; ముందే సైరను మోగుతుంది, దీపాలు వెలుగుతాయి, మనుషులు పైకి జరుగుతారు. వాన తగ్గాక నది తన దారికి దిగిపోతుంది. ఒక ఉదయం నీటికుక్కల కుటుంబం ఒకటి చేపను లాక్కుంటూ ఒడ్డెక్కితే, నడకకు వచ్చిన ముసలివాళ్లమంతా నిలబడిపోయాం. నా మనవడు చెప్పులు విప్పి రాళ్ల మీద నుంచి నీళ్లలోకి దిగుతుంటే నా చెయ్యి అలవాటుగా వాణ్ని వెనక్కి లాగబోయింది. ఊరి మధ్య నదిలో పిల్లవాడు కాలు పెడితే భయపడనక్కర్లేదని నమ్మడానికి నాకు రెండు వారాలు పట్టింది.

"చూశారా బాపూ, మూడేళ్లలో ఎట్లా మార్చేశారో" అని అబ్బాయి గర్వంగా అన్నాడు. మూడేళ్లు కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. సింగపూర్ నదినీ, ఈ కల్లాంగ్ పారే పల్లపు ప్రాంతాన్నీ శుభ్రం చేసే పని 1977లో మొదలై 1987 దాకా పదేళ్లు సాగింది. పందుల పెంపకాలను, ఒడ్డునున్న గుడిసెలను, వీధి అంగళ్లను తరలించారు. అలా తరలిన వేలాది కుటుంబాల కన్నీళ్లు ఇప్పటి పార్కు బోర్డుల మీద రాసి ఉండవు. మురుగుకు వేరే గొట్టాలు, వాన నీటికి వేరే కాలువలు ఏర్పడ్డాయి. మురుగు ఆగిన పాతికేళ్లకు ఆ కాంక్రీటు పగిలింది. అవ్వ చెలమ దగ్గర చేసిన వరుస కూడా ఇదే కదా అనిపించింది: ముందు మడ్డి తోడి పోయాలి, తర్వాత ఆగాలి, ఆ తర్వాతే చిప్ప ముంచాలి.

చాందాకు తిరిగి వచ్చేసరికి జాతర దగ్గరపడింది. గుడి దగ్గర ఝరపట్‌లో పెద్ద యంత్రం దిగి గుర్రపుడెక్కను గుట్టలుగా లాగి ఒడ్డున వేస్తోంది. కింద నల్లటి నీరు కనిపించింది. నీరు కనిపించడమే గొప్పగా జనం ఫోటోలు తీసుకున్నారు. వానలకు ముందే మళ్లీ పచ్చదుప్పటి కప్పుకుంది. దాని తప్పేముంది? మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువులు. అనువైన చోట రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్కకు మనం రోజూ అన్నం పెడుతూ, ఏడాదికొకసారి జుట్టు పట్టుకుని లాగుతున్నాం. స్నానానికి పనికివచ్చే నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదని, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. బీఓడీ అంటే నీటిలోని కుళ్లును తినే సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో తెలిపే లెక్క. భక్తులు మునిగే చోట పరీక్ష చేసి, ఆ రెండు అంకెలను గుడి మెట్ల దగ్గర నల్లబల్ల మీద రోజూ రాస్తే బాగుంటుందని నేను ఇద్దరు ముగ్గురితో అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

నాకు తెలిసిన ఒక యువ ఇంజనీరు ఇష్టంతో, ఎవరూ అడగకుండానే, ఝరపట్ ఒడ్డుకు ఒక నక్షా గీసి చూపించాడు. రెండు వైపులా రాతి గోడలు, వాటి మీద టైల్సు పరిచిన నడకదారి, స్టీలు రెయిలింగు, రంగుల దీపాలు, అంగళ్లు. పనిమంతుడు. గీతలు నా గీతల కంటే చక్కగా ఉన్నాయి. "కిందికి దిగేది ఎక్కడ, బాబూ?" అని అడిగాను. అతనికి ప్రశ్న అర్థం కాలేదు. "కింద ఏముంది సార్ దిగడానికి?" అన్నాడు. అతను పుట్టినప్పటి నుంచి చూసిన ఝరపట్‌లో దిగవలసినది ఏమీ లేదన్నది నిజమే. ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడుకున్నాం. మోరీలను ఒడ్డు వెంట ఒక పెద్ద గొట్టంలోకి మళ్లించి శుద్ధి కేంద్రానికి చేర్చడం ముందు, ఇసుకను ఎత్తనివ్వకపోవడం తర్వాత, గోడకు బదులు వాలుగా ఉండే ఒడ్డు మీద వావిలి, నేరేడు, కానుగ, నీటి అంచున తుంగ. చాకలివాళ్లకు పాత రేవు, చేపలు పట్టే ఢీవర్లకు పడవ కట్టుకునే చోటు, జాతరకు వచ్చేవాళ్లు పొయ్యి పెట్టుకునేంత ఖాళీ నేల. చెలమ కథ చెబితే అతను పెన్సిల్ పక్కన పెట్టి విన్నాడు. చివరికి రెయిలింగును ఒక్కచోట చెరిపి, కిందికి ఏడు మెట్లు గీశాడు. టైల్సు మాత్రం వదులుకోలేదు.

పోయిన చలికాలం చివర్లో మనవడు సెలవులకు వచ్చాడు. రైలు దిగింది మొదలు కుందేలు కథే నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. కుక్కను కుందేలు తరమడం వాడికి మహా సంబరం. వాణ్ని వెంటబెట్టుకుని పట్నం మురుగు ఇంకా కలవని ఎగువకు, అడవి వైపుకు వెళ్లాను. అక్కడ ఝరపట్ సన్నగా, సిగ్గుపడుతున్నట్టు ఉన్నా, ఒక వంపులో ఇసుక మిగిలి ఉంది. అంచున తుంగ కూడా ఉంది. నా మోకాళ్లు వంగనంటే మనవడే కూర్చుని తోడాడు. మోచేతి లోతు అయింది, భుజం లోతు అయింది. అవ్వ కాలంలో ఇంత లోతు పోనవసరం ఉండేది కాదు. ఇక లేదేమోనని నేను లోపల అనుకుంటుండగా వాడు చెయ్యి బయటికి తీసి చూపించాడు. వేళ్ల సందుల్లో తడి ఇసుక.

"తాతా, నీళ్లెప్పుడొస్తాయి?"

కూర్చోమన్నాను. అరగంటకు పైగా పట్టింది. అడుగున దోసెడు నీరు చేరింది, మడ్డిగానే. తోడి పోశాం. మళ్లీ కూర్చున్నాం. రెండోసారి ఊరిన నీటిలో వాడి ముఖం కనిపించింది. తాగుతానని మారాం చేశాడు గాని, ముప్పై నాలుగేళ్లు నక్షాలు గీసిన చేతితో వాడికి ఆ నీరు ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. ముఖం కడుక్కోనిచ్చాను. గుంతను పూడ్చకుండా వదిలి వచ్చాం.

మరునాడు పొద్దున వాడే నన్ను లేపి మళ్లీ అక్కడికి లాక్కువెళ్లాడు. నీరు కొంచెం తగ్గి ఉంది. అంచు చుట్టూ తడి ఇసుక మీద పిట్టల కాళ్ల గుర్తులు కుట్టుపనిలా పడి ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ ఒక కుక్క వచ్చి, తాగి, ఎగువకు వెళ్లిపోయినట్టుంది. వాడు ఆ కుక్క అడుగుల వెనక వంగి వంగి, ఇసుకంతా వెతుకుతూ చాలా దూరం పోయాడు. ఏం పోగొట్టుకున్నావురా అని కేక వేస్తే, తల ఎత్తకుండానే, కుందేలు అడుగులు కనబడటం లేదు తాతా అన్నాడు.